పెర్త్‌లో ఈస్ట్ ఫేసింగ్ బ్లాక్, డబుల్ స్టోరీ ఇల్లు: పక్కవాళ్ల ప్రైవసీ లెక్కలు

ముందు మీరు అడిగింది క్లుప్తంగా. ఆస్ట్రేలియాలోని పెర్త్ శివార్లలో కొత్త ఎస్టేట్. 12.5 మీటర్ల వెడల్పు, 30 మీటర్ల లోతు, మొత్తం 375 చదరపు మీటర్ల బ్లాక్. జోనింగ్ ఆర్25, అంటే అక్కడ ఇళ్లు ఎంత దగ్గరగా కట్టొచ్చో చెప్పే సాంద్రత కోడ్. రోడ్డు తూర్పున, పెరడు పడమర. పెద్దవాళ్ల కోసం కింద ఒక బెడ్‌రూమ్, పైన మూడు బెడ్‌రూమ్‌లు, ఒక చిన్న హాలు, రోడ్డు వైపు బాల్కనీ. బిల్డర్ చూపించిన ప్లాన్ బాగుంది గానీ, పై అంతస్తు కిటికీలు పక్కవాళ్ల ప్రైవసీకి అడ్డమని కౌన్సిల్ అంటుందేమోనని అనుమానం. బ్లాక్ మార్చుకోవాలా, ప్లాన్ మార్చుకోవాలా అన్నది ప్రశ్న.

ప్రైవసీ కోసమైతే ప్లాన్ మార్చుకుంటే చాలు. మీ బ్లాక్‌కి అంతకంటే పెద్ద చిక్కు నీడతో ఉంది, దాని సంగతి కాస్త ఆగి చెబుతాను. ఏదైనా సరే, బ్లాక్ ఆఫర్ మీద సంతకం పెట్టేముందే స్కేలు, పెన్సిలు పట్టుకుని కూర్చుంటే అరగంటలో తేలిపోయే లెక్కలివి. బ్లాక్ ఒకరి దగ్గర, ప్లాన్ మరొకరి దగ్గర, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఎంచుకుంటారు కాబట్టే డ్రాయింగ్‌లు కౌన్సిల్‌కి వెళ్లాక బయటపడతాయి.

వెస్టర్న్ ఆస్ట్రేలియాలో ఇళ్ల డిజైన్‌కి ఆధారం ఆర్-కోడ్స్. వాటి ప్రకారం ప్రైవసీ దూరాన్ని పక్కింటి కిటికీ దాకా కొలవరు, మీ స్థలం సరిహద్దు దాకా కొలుస్తారు. కాబట్టి పక్క బ్లాక్ ఇంకా ఖాళీగా ఉంది, అడిగేవాళ్లెవరని అనుకోవడానికి లేదు. ఖాళీ ఇసుక మేటే అయినా లెక్క అదే. మెల్‌బోర్న్‌లో ఇల్లు కట్టుకున్న బంధువులు చెప్పే 9 మీటర్లు, 1.7 మీటర్లు అన్న అంకెలు విక్టోరియా రాష్ట్రపు పద్ధతివి, అక్కడ కొలిచే తీరే వేరు. వాటిని ఇక్కడికి తెచ్చుకోకండి.

నిబంధన ఇలా పనిచేస్తుంది. గది నేల సహజ నేలమట్టం కంటే 0.5 మీటర్లకు మించి ఎత్తులో ఉండి, ఆ గదికి 'మేజర్ ఓపెనింగ్' ఉండి, అందులోంచి పక్క నివాస స్థలంలో వాళ్ల ఫ్రంట్ సెట్‌బ్యాక్ గీతకు (వీధి నుంచి ఖాళీగా వదలాల్సిన దూరపు హద్దుకు) వెనక ఉన్న ఏ భాగమైనా కనబడుతుంటే, కిటికీకీ సరిహద్దుకీ మధ్య దూరం ఉండాలి. బెడ్‌రూమ్, స్టడీ అయితే 4.5 మీటర్లు. హాలు, వంటగది, పిల్లల యాక్టివిటీ రూమ్ లాంటి మిగతా నివాస గదులకు 6 మీటర్లు. బాల్కనీ, ఎత్తుగా కట్టిన డెక్ లాంటి తెరిచిన చోట్లకు 7.5 మీటర్లు. పక్క స్థలం ఆర్50 లేదా అంతకంటే తక్కువ కోడింగ్‌లో ఉన్నప్పటి దూరాలివి, మీ ఎస్టేట్‌కి వర్తించేవి ఇవే. అంత దూరం ఇవ్వలేకపోతే శాశ్వతమైన తెర పెట్టాలి: కనీసం 1.6 మీటర్ల ఎత్తు, నూటికి 75 వంతులు చూపు ఆపేది, కదలకుండా బిగించినది, మన్నికైన సరుకుతో చేసినది.

మేజర్ ఓపెనింగ్ అంటే ఏది కాదో తెలుసుకుంటే డిజైన్‌లో సగం పని అయిపోతుంది. ఒక గోడలో ఉన్న కిటికీలన్నీ కలిపి 1 చదరపు మీటరు మించకపోతే అది మేజర్ ఓపెనింగ్ కాదు. మసక గాజు వేసి, తెరవడానికి వీల్లేకుండా బిగించినదీ కాదు. కిటికీ అడుగు, అంటే సిల్, గది నేల నుంచి 1.6 మీటర్లకు తగ్గకుండా ఉంటే అదీ కాదు. ఇక బాత్‌రూమ్, టాయిలెట్, లాండ్రీ, మెట్లు, నడవ, బట్టల గది అసలు నివాస గదుల కిందకే రావు. వాటి కిటికీలకు ఈ దూరాలతో పనే లేదు. పై అంతస్తులో పక్క గోడల వెంబడి వీటినే పేర్చాలని డ్రాఫ్టర్లు తాపత్రయపడేది అందుకే.

చిన్న హాలుని ప్లాన్‌లో 'స్టడీ' అని రాయించి 6 మీటర్లను 4.5కి దించుకుందామని కొందరు సలహా ఇస్తారు. తలుపు లేకుండా, మెట్ల దగ్గర తెరుచుకుని, సోఫా గీసి ఉన్న గదికి స్టడీ అని పేరు పెడితే ప్లానింగ్ అధికారి నమ్మడు. గీసిన సోఫాని తీసేయడం కూడా వాళ్లు చూసిన తెలివే.

45 డిగ్రీల లెక్క

దాదాపు అందరూ తప్పేది ఇక్కడ. వెనక గోడకున్న బెడ్‌రూమ్ కిటికీ వెనక సరిహద్దుకి 8 మీటర్ల దూరంలో ఉంది, 4.5 చాలు కదా అనుకుంటారు. కానీ చూపు నేరుగా మాత్రమే పోదు. కిటికీకి రెండు వైపులా 45 డిగ్రీల దాకా విచ్చుకునే శంకువుని లెక్కలోకి తీసుకుంటారు. దాన్ని 'కోన్ ఆఫ్ విజన్' అంటారు. ఆ శంకువులో 4.5 మీటర్ల లోపు పక్క సరిహద్దు తగిలినా నిబంధన తప్పినట్టే.

మీ బ్లాక్‌కి వేసి చూద్దాం. పై అంతస్తు గోడ పక్క సరిహద్దుకి 1.5 మీటర్ల దూరంలో ఉంది. వెనక గోడ మూలకి ఆనించి కిటికీ పెడితే, అక్కడి నుంచి 45 డిగ్రీల వాలు గీత సుమారు 2.1 మీటర్లలోనే పక్క ఫెన్స్ దాటేస్తుంది. తప్పకూడదంటే కిటికీ అంచు సరిహద్దు నుంచి 4.5ని 0.707తో గుణించినంత, అంటే సుమారు 3.18 మీటర్లు లోపలికి ఉండాలి. ఇంటి మూల నుంచి కొలిస్తే దాదాపు 1.7 మీటర్లు. అదే హాలు కిటికీ అయితే సరిహద్దు నుంచి 4.24 మీటర్లు.

12.5 మీటర్ల వెడల్పులో రెండు వైపులా 3.18 తీసేస్తే మధ్యలో 6.14 మీటర్లు మిగులుతాయి. వెనక గోడకి బెడ్‌రూమ్ కిటికీలు పెట్టుకోగలిగింది ఆ పట్టీలోనే. హాలుకైతే మిగిలేది 4.02 మీటర్లు. పై అంతస్తు 9.5 మీటర్ల వెడల్పుంటే, వెనక రెండు బెడ్‌రూమ్‌లు పక్కపక్కన చెరి 4.6 మీటర్ల దాకా వస్తాయి. ఒక్కో గదిలో నడిమి గోడ వైపు 3 మీటర్లలో కిటికీ పెట్టుకోవచ్చు. 1.8 మీటర్ల కిటికీ హాయిగా పడుతుంది. కాకపోతే కిటికీ నడిమి గోడ పక్కకు జరుగుతుంది కాబట్టి మంచం తల బయటి పక్క గోడకు పెట్టుకోవాలి, వార్డ్‌రోబ్ తలుపు వైపు వెళ్లాలి. సామాన్లతో సహా ప్లాన్ గీయించుకోమనేది ఇందుకే. బిల్డర్ల బ్రోచర్ ప్లాన్‌లో కిటికీ ఎప్పుడూ గది మధ్యలోనే ఉంటుంది. అది ఏ బ్లాక్ మీదా పెట్టి గీసింది కాదు.

కిటికీ జరపడం కుదరకపోతే బయట నిలువు రెక్క ఒకటి గోడకు అడ్డంగా బిగించి, శంకువులో పక్కింటి వైపు భాగాన్ని కోసేయవచ్చు. అది ఎంత పొడుగు ఉండాలన్నది కిటికీ అవతలి అంచు నుంచి గీత గీసి తేల్చాలి. కంటికి ఇంపుగా 300 మిల్లీమీటర్లని వేస్తే చాలా సందర్భాల్లో చాలదు.

ముందు బాల్కనీ సంగతి తేలిక. వీధి వైపు చూపుకి అడ్డు లేదు. పక్కింటి స్థలంలో వాళ్ల సెట్‌బ్యాక్ గీతకు ముందున్న భాగం కనబడినా ఫర్వాలేదు. బాల్కనీ ఇంట్లోకి వెనక్కి జరిగి ఉంటే మాత్రం దాని రెండు పక్కలా 1.6 మీటర్ల తెర కావాలి. గట్టి ఇటుక గోడ కట్టేస్తే గాలి ఆడదు. పలకలు ఏటవాలుగా బిగించిన అల్యూమినియం లూవర్ అయితే చూపు ఆగుతుంది, గాలి వస్తుంది. లూవర్లు తిప్పుకునే రకమైతే శాశ్వత తెర కిందకు రాదు. కదలని రకమే రాయించండి.

సిల్ ఎత్తు: 18 కోర్సులా, 19 కోర్సులా

ఉత్తరం వైపు పక్క గోడకి హాలు కిటికీ కావాలనుకుంటున్నారు. సరిహద్దు 1.5 మీటర్లే, కావలసింది 6. కాబట్టి అక్కడ సిల్ పైకెత్తిన హైలైట్ కిటికీయే గతి. అదేం తక్కువ కాదు. ఈ అర్ధగోళంలో చలికాలం ఎండ ఉత్తరం నుంచి వాలుగా వస్తుంది, ఎత్తులో ఉన్న కిటికీ దాన్ని గది లోపలి దాకా తెస్తుంది.

పెర్త్‌లో ఎత్తులు ఇటుక వరసల్లో మాట్లాడతారు. ఒక కోర్సు అంటే ఇటుక, సున్నం కలిపి 86 మిల్లీమీటర్లు. 18 కోర్సులు 1.548 మీటర్లు, చాలవు. 19 కోర్సులు 1.634 మీటర్లు. దాని మీద ఫ్లోరింగ్ 20 మిల్లీమీటర్లు తినేసినా 1.614 మిగులుతుంది, నిబంధన దాటుతుంది. డ్రాయింగ్‌లో 'హైలైట్ విండో' అని మాత్రమే రాసి ఉంటే మేస్త్రీ అలవాటు కొద్దీ 18 దగ్గర ఆపేసే ప్రమాదం ఉంది. సిల్ 19 కోర్సులు అని, పూర్తయిన నేల నుంచి కనీసం 1.6 మీటర్లు అని, రెండూ రాయించండి.

ఆ కిటికీలో వెలుతురు చాలుతుందా అన్నది ఇంకో లెక్క. నేషనల్ కన్‌స్ట్రక్షన్ కోడ్ ప్రకారం నివాస గది నేల వైశాల్యంలో నూటికి 10 వంతులు గాజు, 5 వంతులు తెరుచుకునే భాగం ఉండాలి. 3.5 బై 3.2 మీటర్ల బెడ్‌రూమ్ 11.2 చదరపు మీటర్లు, దానికి గాజు 1.12, తెరుచుకునేది 0.56 చదరపు మీటర్లు కావాలి. ఇప్పుడు 1 చదరపు మీటరు మినహాయింపు వాడుకుందామని ఆ గదికి ఒకే చిన్న కిటికీ పెడితే ప్రైవసీ పాసవుతుంది, వెలుతురు ఫెయిలవుతుంది. ఆ మినహాయింపు ఒక్కటే ఆధారంగా 10 చదరపు మీటర్లు దాటిన గదిని నడపలేరు. అలాగే బిగించేసిన మసక గాజు వెలుతురుకి సరిపోతుంది, గాలికి సున్నా. గదికి ఇంకో వైపు తెరుచుకునే కిటికీ లేకపోతే అది కుదరదు.

అదే గదికి హైలైట్ వేస్తే? 19 కోర్సుల సిల్, 25 కోర్సుల తల అంటే మధ్యలో 6 కోర్సులు, 516 మిల్లీమీటర్లు. 1.12 చదరపు మీటర్ల గాజు రావాలంటే ఫ్రేమ్ మందం పోను 2.4 మీటర్లకు పైగా వెడల్పుండాలి. పెద్ద కిటికీయే, లింటెల్ ఖర్చు కూడా పెరుగుతుంది. అందుకే బెడ్‌రూమ్‌లను ముందుకీ వెనక్కీ తిప్పి, హైలైట్లను హాలుకీ, అదనపు వెలుతురుకీ వాడుకోవడం మేలు.

ఇంకో మెలిక. పై అంతస్తు బెడ్‌రూమ్‌లో తెరుచుకునే కిటికీ కింద నేల 2 మీటర్లు లేదా అంతకంటే లోతులో ఉంటే, పిల్లలు పడిపోకుండా 125 మిల్లీమీటర్లకు మించి తెరుచుకోని అడ్డు గానీ, గట్టి స్క్రీన్ గానీ ఉండాలి. కిటికీ తెరుచుకునే చోటు నేల నుంచి 1.7 మీటర్ల కంటే కిందుంటే ఇది తప్పదు. ప్రైవసీ హద్దు 1.6, పడిపోవడం హద్దు 1.7. రెండింటి మధ్యలో పడ్డ 19 కోర్సుల బెడ్‌రూమ్ కిటికీకి మీరు ఊహించని రిస్ట్రిక్టర్ వచ్చి కూర్చుంటుంది. 20 కోర్సులు పెడితే 1.72, రెండూ దాటతాయి, కానీ గాజు ఇంకో 86 మిల్లీమీటర్లు తగ్గుతుంది.

ఈస్ట్ ఫేసింగ్‌తో వచ్చే నీడ

మనవాళ్లు ఎక్కువగా ఈస్ట్ ఫేసింగ్ అడుగుతారు, మీరూ అదే చూశారు. వాస్తు మీ ఇష్టం. కానీ తూర్పు రోడ్డు ఉన్న ఇరుకు బ్లాక్‌లో పొడుగు వైపులు ఉత్తర దక్షిణాలకు వస్తాయి. దక్షిణాన ఉన్న పొరుగు స్థలం మీద మీ మేడ నీడ పొడుగునా పడుతుంది. ఆర్-కోడ్స్ జూన్ 21 మధ్యాహ్నం 12 గంటలకు పడే నీడను లెక్కిస్తాయి. పక్క స్థలం ఆర్25 లేదా తక్కువైతే దాని వైశాల్యంలో నూటికి 25 వంతులు మించకూడదు. ఆర్30 నుంచి ఆర్40 దాకా 35 వంతులు.

పెర్త్‌లో ఆ రోజు మధ్యాహ్నం సూర్యుడు సుమారు 34.6 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. నీడ పొడవు గోడ ఎత్తుకి దాదాపు 1.45 రెట్లు. 6 మీటర్ల గోడ నీడ 8.7 మీటర్లు. గోడ సరిహద్దుకి 1.5 మీటర్ల దూరంలో ఉంటే పక్క స్థలంలోకి వెళ్లేది 7.2 మీటర్లు. పై అంతస్తు పొడుగు 12 మీటర్లైతే 86 చదరపు మీటర్లు. పక్కది కూడా 375 అయితే ఇదొక్కటే నూటికి 23 వంతులు. ఇక కింది అంతస్తులో మిగిలిన గోడ 3 మీటర్ల ఎత్తులో, 1 మీటరు దూరంలో, ఇంకో 10 మీటర్ల పొడుగుంటే మరో 33 చదరపు మీటర్లు కలుస్తాయి. మొత్తం 119, అంటే దాదాపు 32 వంతులు. హద్దు దాటిపోయింది. ఇది చేతి లెక్క, చూరు, పైకప్పు వాలు కలిపితే అంకె కాస్త అటూ ఇటూ అవుతుంది గానీ, 32 కాస్తా 25 కిందకు దిగదు.

మందు ఏమిటంటే పై అంతస్తుని దక్షిణ సరిహద్దు నుంచి వెనక్కి లాగడం. 1.5కి బదులు 3.5 మీటర్లు ఇస్తే 12 మీటర్ల పొడుగు మీద 24 చదరపు మీటర్లు తగ్గి మొత్తం 95 అవుతుంది, 25.3 వంతులు. ఇంకో అడుగు వెనక్కి జరిపినా, పై అంతస్తు పొడుగు 12 నుంచి 10 మీటర్లకు కుదించినా లోపలికి వచ్చేస్తుంది. ఈ లాగుడు వల్ల కోల్పోయే వెడల్పు తక్కువేం కాదు, పై అంతస్తు 9.5 నుంచి 7.5 మీటర్లకు పడిపోతుంది. కాకపోతే వెనక కిటికీ అంచు దక్షిణ సరిహద్దుకి 3.18 మీటర్లు ఉండాలన్న లెక్క తనంతట తనే తీరిపోతుంది. దక్షిణం వైపు గదిలో కిటికీ ఎక్కడైనా పెట్టుకోవచ్చు. నీడ కోసం చేసిన సర్దుబాటు ప్రైవసీకీ పనికొస్తుంది.

ఇదే ఇల్లు నార్త్ ఫేసింగ్ గానీ సౌత్ ఫేసింగ్ గానీ ఉన్న బ్లాక్ మీద పెడితే నీడ మీ ముందు వాకిట్లోనో, మీ పెరట్లోనో, రోడ్డు మీదో పడుతుంది, పొరుగువారికి పడేది స్వల్పం. డబుల్ స్టోరీయే ఖాయమనుకుంటే పెరడు ఉత్తరాన ఉన్న బ్లాక్ నా మొదటి ఎంపిక. ఈస్ట్ ఫేసింగ్ పట్టుదల తప్పదంటే, దానికి పెరడు పడమర కాబట్టి వేసవి సాయంత్రాల ఎండ ఆల్‌ఫ్రెస్కోని, అంటే పెరటి వైపు కప్పున్న వరండాని, కాలుస్తుందని కూడా లెక్కేసుకోండి.

అసలు మేడ కావాలా అన్నది కూడా ఒకసారి ఆలోచించండి. ఆర్25లో 50 శాతం ఓపెన్ స్పేస్ వదిలితే 187 చదరపు మీటర్లు కట్టుకోవచ్చు. డబుల్ గరాజ్ 36 పోను 150 వరకూ మిగులుతుంది. నాలుగు బెడ్‌రూమ్‌లు, రెండు బాత్‌రూమ్‌ల ఇంటికి బిగుతుగా అయినా సరిపోతుంది. ఇంటి నేల సహజ నేలమట్టానికి 0.5 మీటర్ల లోపు ఎత్తులోనే ఉంటే పైన చెప్పిన ప్రైవసీ గొడవ ఏదీ ఉండదు, 1.8 మీటర్ల ఫెన్స్ చూసుకుంటుంది.

బ్లాక్ చూసేటప్పుడు

ఆ 0.5 మీటర్ల మాట వాలు బ్లాకుల్లో ఒక్క అంతస్తు ఇంటికీ తగులుతుంది. అటు పక్క నుంచి ఇటు పక్కకి 1.2 మీటర్ల వాలు ఉంటే, సగం తవ్వి సగం పోసినా పల్లం వైపు 0.6 మీటర్ల మట్టి పోయాలి. అంటే ఆ వైపు హాలు కిటికీ, ఆల్‌ఫ్రెస్కో రెండూ ప్రైవసీ లెక్కలోకి వస్తాయి. రిటైనింగ్ వాల్ కూడా అంతే. 0.5 మీటర్ల దాకా సరిహద్దు మీదే కట్టుకోవచ్చు. 1 మీటరు ఎత్తుంటే 1 మీటరు లోపలికి జరగాలి, 1.5 అయితే 1.5. ఇరుకు బ్లాక్‌లో ఆ జరగడమే వెడల్పు తినేస్తుంది. ఎస్టేట్‌లో డెవలపర్ ముందే చదును చేసి గోడలు కట్టి ఉంటే, సబ్‌డివిజన్‌లో ఆమోదం పొందిన ఆ మట్టాన్నే సహజ నేలమట్టంగా తీసుకుంటారు. కాబట్టి కంటికి చదునుగా కనబడటాన్ని కాకుండా ఫీచర్ సర్వేలో అంకెల్ని చూడండి. నాలుగు మూలల్లో మట్టాలు, సీవర్ జంక్షన్, ఈజ్‌మెంట్, పక్క బ్లాకుల మట్టాలు అన్నీ అందులో ఉంటాయి.

పెరడు పార్కుకి ఆనుకున్న బ్లాక్‌కి వెనక వైపు ప్రైవసీ దూరాలు వర్తించవు, అవి పక్క నివాస స్థలాల కోసమే. కార్నర్ బ్లాక్‌కి పక్కవాళ్లు ఇద్దరే, రెండో వీధి వైపు బెడ్‌రూమ్ కిటికీలు ధారాళంగా పెట్టుకోవచ్చు. అన్నిటికంటే ఇబ్బంది బ్యాటిల్‌యాక్స్ బ్లాక్. సన్నటి దారిలోంచి లోపలికి వెళ్లాల్సిన ఆ స్థలానికి నాలుగు వైపులా ఎవరో ఒకరి పెరడు ఉంటుంది. వీధి వైపు అనే వెసులుబాటే ఉండదు. చవకగా వస్తుందని దాని మీద డబుల్ స్టోరీ వేయబోతే ప్రతి కిటికీకీ కుస్తీ పట్టాలి.

కాగితాల్లో ముందు అడగాల్సింది లోకల్ డెవలప్‌మెంట్ ప్లాన్. చాలా కొత్త ఎస్టేట్లకు ఉంటుంది, అది ఆర్-కోడ్స్‌లోని సెట్‌బ్యాక్‌లు, ఓపెన్ స్పేస్, ఒక్కోసారి ప్రైవసీ, నీడ హద్దుల్ని కూడా మారుస్తుంది. మీ బ్లాక్‌కి అలాంటిది ఉంటే పై అంకెల్లో కొన్ని మారవచ్చు. తర్వాత టైటిల్ మీదున్న కవనెంట్లు. అవి డెవలపర్ షరతులు, కౌన్సిల్ ఒప్పుకున్నా అవి ఒప్పుకోవాల్సిందే. కార్చిచ్చు ముప్పుని చెప్పే బీఏఎల్ రేటింగ్, నేల తరగతి ఖర్చుకి సంబంధించినవి, ఈ లెక్కలకు వాటితో సంబంధం తక్కువ.

అన్నీ 'డీమ్డ్-టు-కంప్లై' హద్దుల్లో, అంటే ఆర్-కోడ్స్ ఇచ్చిన ఈ అంకెల లోపల, ఉంటే ఒంటి ఇంటికి సాధారణంగా ప్లానింగ్ అప్లికేషన్ అవసరం పడదు, నేరుగా బిల్డింగ్ పర్మిట్‌కి వెళ్లిపోవచ్చు. బిల్డింగ్ సర్వేయర్ ముందే ధ్రువీకరించిన సర్టిఫైడ్ అప్లికేషన్‌కి 10 పనిదినాలు, అన్‌సర్టిఫైడ్‌కి 25. ఒక్క కిటికీ తప్పినా డెవలప్‌మెంట్ అప్లికేషన్ పెట్టి, పక్కవాళ్లకు 14 రోజుల గడువుతో తెలియజేసి, అభిప్రాయం తీసుకోవలసి వస్తుంది. కౌన్సిల్‌కి చట్టం ఇచ్చిన గడువు 60 రోజులు, ప్రకటన ఇస్తే 90. ఒక కిటికీని 300 మిల్లీమీటర్లు జరపడానికి బద్ధకించి మూడు నెలలు పోగొట్టుకోవడం ఏం లాభం? పక్కాయన సంతకం చేశాడు కదా అని ధీమా పడకండి, అది అనుమతి కాదు. ఆయన అభ్యంతరం చెప్పినంత మాత్రాన తిరస్కరణా కాదు. డిజైన్ ఆ ప్రైవసీ ఉద్దేశాన్ని నెరవేరుస్తోందా లేదా అని కౌన్సిల్ తేలుస్తుంది.

మీ పెరట్లోకి వాళ్ల చూపు

ఇది ఎవరూ అడగరు గానీ, ఇల్లు కట్టాక ఎక్కువ బాధపెట్టేది ఇదే. వెనకింటివాళ్లు 4.5 మీటర్ల దూరం పాటించి బెడ్‌రూమ్ కిటికీ పెట్టుకుంటే అది పూర్తిగా సక్రమం, మీరు చేయగలిగింది ఏమీ లేదు. అక్కడి నుంచి ఏం కనబడుతుంది? పై అంతస్తు నేల 3 మీటర్ల ఎత్తు, నిలబడ్డ మనిషి కన్ను ఇంకో 1.6, మొత్తం 4.6. ఫెన్స్ 1.8. చూపు ఫెన్స్ పైనుంచి వాలి మీ నేలను తాకేది ఫెన్స్‌కి 2.9 మీటర్ల అవతల. అంటే ఫెన్స్ దాచేది ఆ 2.9 మీటర్ల పట్టీని మాత్రమే. పెరడు మధ్యలో కుర్చీ వేసుకుంటే కనబడతారు.

ఫెన్స్‌కి 6 మీటర్ల దూరంలో కూర్చున్న మనిషి తల, అంటే 1.2 మీటర్ల ఎత్తు, కనబడకుండా ఉండాలంటే ఫెన్స్‌కి 0.6 మీటర్లు ఇవతల నాటిన చెట్ల వరస సుమారు 2.95 మీటర్లుండాలి. 3 మీటర్ల హెడ్జ్ అనుకోండి. లిల్లీ పిల్లీ లాంటివి ఆ ఎత్తు హాయిగా అందుకుంటాయి. వెదురు వేస్తే గుబురుగా ఒకే చోట పెరిగే రకమే వేయాలి, పాకే రకం వేర్లు ఫెన్స్ కిందుగా పక్కింట్లోకి వెళ్లి కొత్త తగువు తెస్తాయి. చెట్లు పెరిగేలోగా పైకప్పున్న ఆల్‌ఫ్రెస్కోనే అసలైన రక్షణ, పైనుంచి వచ్చే చూపుకి కప్పుని మించిన తెర లేదు. ఫెన్స్ మీద జాలీ బిగించి ఎత్తు పెంచాలంటే అది ఉమ్మడి ఫెన్స్ కాబట్టి పక్కవాళ్ల ఒప్పుదల, కౌన్సిల్ ఫెన్సింగ్ నిబంధనలు రెండూ చూసుకోవాలి.

కట్టేటప్పుడు

గరాజ్ గోడని దక్షిణ సరిహద్దు మీద కడుతున్నట్టు బిల్డర్ ప్లాన్‌లో ఉంది. ఆర్25లో సరిహద్దు గోడ ఎత్తు 3.5 మీటర్లు మించకూడదు. పొడుగు 9 మీటర్లు, లేదా ఫ్రంట్ సెట్‌బ్యాక్ వెనక ఉన్న సరిహద్దులో మూడో వంతు, రెండింట్లో ఏది ఎక్కువైతే అది. దాని నీడ కూడా పైన వేసిన లెక్కలో కలుస్తుంది కనుక ఆ గరాజ్‌ని ఉత్తరం వైపుకి అద్దంలో బొమ్మలా తిప్పించగలరేమో అడగండి. అయితే ఉత్తరపు ఎండ గరాజ్‌కి వృథా అవుతుంది. కింద హాలు వెనక్కి ఉంటే నష్టం తక్కువ. ఏ వైపు కట్టినా, పక్క స్థలంలోకి దిగడానికి, ఫెన్స్ తాత్కాలికంగా తీయడానికి పక్కవాళ్లకు బీఏ20ఏ నోటీసు ఇచ్చి ఒప్పుదల తీసుకోవాలి. ఇటుకలు దిగాక ఈ కాగితం గుర్తొస్తే పని ఆగిపోతుంది.

మసక గాజుని గ్లేజింగ్ షెడ్యూల్‌లో ఏ కిటికీకి, ఏ ఎత్తు దాకా అన్నది రాయించండి. మామూలు గాజు వచ్చేశాక అతికించే ఫిల్మ్‌తో సర్దుదామంటే దాన్ని శాశ్వతమైన తెరగా ఒప్పించడం కష్టం. ఇక పై అంతస్తు ఇటుక పని కిటికీల ఎత్తుకి వచ్చినప్పుడు సైట్ సూపర్‌వైజర్‌ని అడిగి ఒకసారి పైకి వెళ్లండి. టేపుతో ప్రతి హైలైట్ సిల్ నుంచి స్లాబ్‌కి కొలవండి: 1.634 ఉండాలి. 1.55 దగ్గర కనబడితే అది 18 కోర్సులే. ఫ్రేమ్ పెట్టకముందు ఒక వరస ఇటుక పెంచడం గంట పని. ఫ్రేమ్, లింటెల్ పడ్డాక అదే పనికి వేరియేషన్ బిల్లు, అంటే మార్పు పేరుతో అదనపు ఖర్చు, వస్తుంది.